ఏకాంతం దొరకలేదు

అరుంధతి దొంగలెక్కలు రాస్తోందని నమ్మడానికి మానసకు పెద్ద సాక్ష్యమేమీ అక్కర్లేకపోయింది. అంకెలు చాలు. సర్వే చేస్తున్న ఐదుగురు అమ్మాయిల్లో మానసతో సహా నలుగురు తెచ్చిన లెక్క ఒకటే: నూటికి పన్నెండు, పద్నాలుగు మంది ఆడవాళ్లు మొగుడు కొట్టాడని చెప్పారు. అరుంధతి మాత్రం నలభై ఆరుగురిని అడిగితే ముప్పై ఒక్కరు చెప్పారు. సిరోంచ తాలూకా మొగుళ్లంతా కూడబలుక్కుని, ఈవిడ వెళ్లిన ఇళ్లల్లోనే పెళ్లాలను కొడుతున్నారా?

"ఇది విను," అన్నాడు నిలేష్, ట్యాబ్ ముందుకు జరిపి.

బస్టాండు వెనక అద్దెకు తీసుకున్న గదే వాళ్ల ఆఫీసు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, గోడకు మ్యాపు. నిలేష్ బల్లార్షావాడు, ఈ టీముకు సూపర్‌వైజర్. పేరుకు అది 'కుటుంబ ఆరోగ్య సర్వే'. లోపలి ప్రశ్నలు వేరు. మొగుడి చేతి దెబ్బలు, పుట్టింటి నుంచి ఇప్పటిదాకా పడిన దెబ్బలు, గాయాలు, భయాలు. ఊళ్లో ఎవరికీ ఆ సంగతి చెప్పకూడదు. ఆడమనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. అడుగుతుండగా ట్యాబ్ అక్కడక్కడా రెండేసి నిమిషాలు తనంతట తానే రికార్డు చేసుకుంటుంది, అడిగేవాళ్లు సరిగ్గా అడుగుతున్నారో లేదో పైవాళ్లు వినడానికి.

ట్యాబులోంచి అరుంధతి గొంతు వచ్చింది.

"మిర్చి ఏరవోయినప్పుడు నువ్వొక్కదానివే వోయినవా అక్కా?"

"లే. మా వాడకట్టోల్లం ఎనిమిది మందిమి వోయినం."

"గోదారి అవుతలికేనా?"

"ఆఁ. నెల దినాలు ఆడనే గుడిసెలల్ల ఉన్నం."

"మల్ల తిరిగొచ్చిన్నాడు ఇంట్ల ఎట్లుండె?"

ఎక్కడో కోడి అరిచింది. తర్వాత ఆ ఆడమనిషి, "కాల్లు గూడ కడుక్కోలే అప్పటికి..." అంది. రికార్డింగు అక్కడితో ఆగిపోయింది.

నిలేష్ చేతులు చాపాడు. "స్క్రీన్ మీద ఏమున్నది? 'గడచిన పన్నెండు నెలల్లో మీ భర్త మిమ్మల్ని చెంపదెబ్బ కొట్టడం గానీ నెట్టడం గానీ చేశారా?' అవును, కాదు. ఖతం. మిర్చి ఏడుంది గిండ్ల? గుడిసెలు ఏడున్నయి? ఒక్కో ఇంటర్వ్యూకు గంట పది నిమిషాలు. మీ అందరికీ అర్ధగంట."

మానస నవ్వింది. అరుంధతి అంటే ఆమెకు మొదటినుంచీ పడదు. ఆ పిల్ల తల్లిదండ్రులు కూలికి పోయినవాళ్లు. ఇప్పుడు పెద్ద చదువు చదివి వచ్చి మీటింగుల్లో అందరికంటే ముందు తానే మాట్లాడుతుంది, అందరి తప్పులూ తానే ఎత్తిచూపుతుంది. మానస నాన్న దత్తయ్యకు సిరోంచ బజారులో కిరాణా దుకాణం. చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే సరుకులు కొంటాయి. అలాంటి ఇంటి పిల్లకు కూలోళ్ల పిల్ల ప్రశ్నలు అడగడం ఎలాగో నేర్పబోతే ఒళ్లు మండదూ?

"మొగిలిపేటల తొమ్మిది మందిని రీచెక్ చెయ్యాలె," అన్నాడు నిలేష్. "అవే ప్రశ్నలు మల్ల అడుగు. సగానికంటె ఎక్కువ మంది జవాబులు తేడా వస్తే అరుంధతి తెచ్చిన నలభై ఆరూ కొట్టేస్తరు. ఆమె గూడ ఇంటికి పోతది. నువ్వు సాఫ్ చేసి ఇయ్యి. వచ్చే నెలల ఆష్టి టీముకు సూపర్‌వైజర్ కావాలె. నీ పేరే పంపుత."

ఆ మాటతో పాటు మడిచిన కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. దాని మీద తొమ్మిది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి మొదటిసారి ఇచ్చిన జవాబులు. రీచెక్‌కు వెళ్లేవాళ్లకు పాత జవాబులు తెలియకూడదని రూలు. "పని జల్ది తెమలాలె గద," అన్నాడు నిలేష్.

మెట్ల మీద అరుంధతి సీసాలో నీళ్లు నింపుకుంటోంది. లోపలి మాటలు విన్నట్టే ఉంది.

"పన్నెండు నెలలని అడుగుతే ఎవలకు యాదుంటది?" అంది తల ఎత్తకుండానే. "తునికాకు తెంపుడు యాదుంటది. నాట్లు యాదుంటయి. మిర్చి యాదుంటది. ఆ పనుల పొంటి నడుసుకుంట పోతే దెబ్బలు వాటంతటవే యాదికొస్తయి."

"చదువుమన్నది చదవాలె. కథలు చెప్పియ్యమనలే మనకు."

"సరే, పోయి అడుగు. ఒక్కటే చెప్త. గట్టిగ అడుగకు. వాల్లు నాతోని ఏం చెప్పిన్రో అది నీ నోటెంబడి రానియ్యకు."

"రూల్స్ నువ్వు నేర్పాల్నా నాకు?"

అరుంధతి సీసా మూత బిగించి వెళ్లిపోయింది.

మొగిలిపేట జింగనూర్ దారిలో ఉంది. మర్నాడు మానస స్కూటీ మీద చేరేసరికి ఊరి ఆడవాళ్లంతా కల్లంలోనే ఉన్నారు. నేలంతా ఎర్రగా మిర్చి పరిచి ఉంది. పదిహేను మంది వరసగా కూర్చుని తాలుకాయ ఏరుతున్నారు. తెల్లబడింది ఒకవైపు, ఎర్రది ఒకవైపు, తొడిమ ఊడింది వేరే గంపలోకి. చేతులు ఆగకుండా కదులుతున్నాయి. ముక్కులకు కొంగులు కట్టుకున్నారు. మానస దిగీ దిగగానే రెండు తుమ్ములు తుమ్మింది. ఎవరూ నవ్వలేదు.

"దత్తయ్య శేటు బిడ్డ," అని ఎవరో మెల్లగా అన్నారు. మాటలన్నీ ఆగిపోయాయి.

మానస తన కార్డు చూపించి, కుటుంబ ఆరోగ్య సర్వే అనీ, తొమ్మిది మందితో మాట్లాడాలనీ చెప్పింది. ఎవరూ లేవలేదు. ఇంకోసారి చెప్పింది. చివరికి ఒకామె కొంగు కిందికి లాగి అడిగింది. "అరుంధతి వచ్చి అడిగిపాయె గద. మల్లెందుకు? గిది కేవైసీ కోసమా మేడం?"

ఆ వారమంతా ఊళ్లో కేవైసీ గొడవే. ఆడవాళ్ల ఖాతాల్లో నెలనెలా పడే సర్కారు పైసలు ఆగకుండా ఉండాలంటే మొగుడి ఆధార్ కూడా కలపాలి. దానికి మొగుడి ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఆరు అంకెలు మొగుడు చెప్పాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరుగా బతిమాలుకుంటున్నారు.

మానస గడియారం చూసుకుంది. పదకొండు. కాదని చెబితే వీళ్లు లేవరు. తొమ్మిది మందిని పట్టుకోవడానికి మూడు రోజులు తిరగాలి.

"ఆఁ, గసొంటిదే అనుకోండ్రి," అంది.

అంతే. మిర్చి చేతులు చీరలకు తుడుచుకుంటూ ఒకరి తర్వాత ఒకరు లేచారు.

కల్లం పక్కన ట్రాక్టరు ట్రాలీ నీడలో గోనెసంచి పరిచి మానస కూర్చుంది. వరసకూ ట్రాలీకీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. ట్రాలీకి అటువైపు ఇద్దరు మగవాళ్లు మూటలు కడుతున్నారు. ఇంతకంటే చాటు ఎక్కడ దొరుకుతుందిలే అనుకుంది. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పట్టింది. స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు చదివింది, ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"లే మేడం. మా ఆయన మంచోడు."

"కొట్టుడా? అసలే లేదు. ఓటీపీ గూడ మొన్ననే చెప్పిండు."

"మంచిగ సూసుకుంటడు. రాసుకోండ్రి. నా పేరు మీద ఏం తక్కువ లేకుంట రాసుకోండ్రి మేడం."

మానస రాసుకుంది. నిలేష్ ఇచ్చిన కాగితంలో ఆ పేర్ల పక్కన అవును, అవును, అవును అని ఉంది. ట్యాబులో కాదు, కాదు, కాదు. మిస్‌మ్యాచ్ ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది. కడుపు నిండినట్టుంది ఆమెకు. వీళ్లు అడక్కుండానే ఓటీపీ మాట ఎందుకు ఎత్తుతున్నారో ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. గెలుస్తున్నవాళ్లకు అంత తీరిక ఎక్కడుంటుంది?

తొమ్మిదో ఆమె దేవక్క. నలభైకి దగ్గర్లో ఉంటుంది. అందరిలాగా ఉత్త చేతులతో రాలేదు. చాటనిండా మిర్చి తెచ్చుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని తొడిమలు తీస్తూనే కూర్చుంది. కూర్చునే ముందు ఒకసారి వెనక్కి చూసింది. వరస చివర ఆమె అత్త లింగక్క కూర్చుని ఉంది.

"గడచిన పన్నెండు నెలల్లో..."

"లే మేడం."

"పెళ్లయిన దగ్గర్నుంచి ఎప్పుడైనా..."

"లే."

ఆ మాట అన్నప్పుడు దేవక్క చేతిలో కాయ ఉంది. తొడిమ పట్టుకుంది గానీ లాగలేదు. మానస అది చూసింది. చూసి, వేరేలా అర్థం చేసుకుంది. అబద్ధం బయటపడుతుందని తడబడుతోంది అనుకుంది. అప్పుడే స్క్రీన్ మూలన ఎర్రచుక్క వెలిగింది. రికార్డింగు మొదలైంది. ఇది నిలేష్ వింటాడు, పైవాళ్లు కూడా వింటారు. అరుంధతి రాసింది అబద్ధమని ఈ మనిషి నోటితోనే చెప్పిస్తే ఇక తిరుగుండదు.

మానస కాగితం తీసి చూసింది. గొంతు స్పష్టంగా పడాలని పెంచింది.

"పదిహేను దినాల కింద అరుంధతితోని మీ ఆయన కట్టెతోని కొట్టిండని చెప్పినవ్ గద? పెండ్లయిన కాడికెల్లి కొడుతున్నడని గూడ చెప్పినవ్. గిండ్ల రాసి ఉంది. ఏది నిజం మరి? అప్పుడు చెప్పిందా, గిప్పుడు చెప్పిందా?"

దేవక్క తల ఎత్తింది. మానస భుజం మీదుగా పైకి చూస్తోంది. మానస తల తిప్పింది. ఖాళీ గోనెసంచి చంకలో పెట్టుకుని లింగక్క నిలబడి ఉంది.

"ఏం చెప్పింది?" అంది లింగక్క.

ఇలాంటప్పుడు ఏం చేయాలో ట్రైనింగులో మూడు రోజులు నేర్పారు. ఎవరైనా వస్తే స్క్రీన్ కింద పచ్చబొత్తం నొక్కాలి, వంటల ప్రశ్నలు వస్తాయి. మానస వేలు రెండుసార్లు తప్పి మూడోసారి దాని మీద పడింది.

"కూరల నూనె ఎన్ని చెంచాలు ఏస్తరు?"

"రెండు," అంది దేవక్క వెంటనే.

"వారంల ఆకుకూర ఎన్ని దినాలు వండుతరు?"

"మూడు దినాలు. గోంగూర ఉంటే నాలుగు."

ఏమాత్రం తొణక్కుండా చెప్పింది. ఆ ప్రశ్నలు ఎందుకొచ్చాయో ఆమెకు తెలుసు. అరుంధతి ముందే చెప్పి ఉంటుంది. మానసను కూడా తనే కాపాడాలని చూస్తోంది పాపం. కానీ లింగక్క కదల్లేదు.

"నూనె సంగతి కాదు బిడ్డా. అంతకు ముందటిది చెప్పు."

ట్రాలీ అటువైపు మూటలు కట్టే చప్పుడు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో మానస గమనించలేదు. "అయిపోయింది, అయిపోయింది," అంటూ సంచి సర్దుకుంది. దేవక్క చాట ఎత్తుకుని లేచింది. అప్పటిదాకా పట్టుకున్న ఆ కాయ తొడిమ తెంపి, కాయను ఎర్రవాటిలో వేసింది.

సాయంత్రం నిలేష్ టీ తెప్పించాడు. తొమ్మిదికి తొమ్మిది తేడా రావడంతో టేబుల్ మీద దరువు వేశాడు. "ఒక్కదానికి లొకేషన్ పడలే, దేవక్కదానికి. రేపు పోయి ఆ జాగల నిలబడి బొత్తం నొక్కి రా. మధ్యాహ్నం ఫైలు పంపేద్దాం." మానస టీ సగమే తాగింది. లింగక్క ముఖం గుర్తొచ్చింది. ఏం కాదులే, ముసలామెకు ఏం వినపడిందో ఏమో అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు కల్లంలో ఎవరూ ఆమె వైపు తల ఎత్తలేదు. నిన్న 'రాసుకోండ్రి మేడం' అన్నవాళ్లే కొంగులు ముక్కుల మీదికి ఇంకాస్త లాక్కున్నారు. మానస నేరుగా ట్రాలీ దగ్గరికి నడిచి బొత్తం నొక్కింది. లొకేషన్ పడింది. పని అయిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు.

కానీ వరస చివర దేవక్క కనిపించింది. ఎడమ మణికట్టుకు వెదురు బద్దలు పెట్టి పాత చీర పేలికతో చుట్టి ఉంది. వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కాయ తోకను కాలి బొటనవేలి కింద నొక్కిపట్టి, కుడిచేత్తో తొడిమ లాగుతోంది. ఒకటి లాగడం, గంపలో వేయడం, ఇంకోటి కాలికింద పెట్టడం. పక్కవాళ్లు పది తీసేలోపు ఆమె రెండు తీస్తోంది.

మానస వెళ్లి నేల మీది మిర్చి చేత్తో పక్కకు జరిపింది. ఆమె ఎదురుగా కూర్చుంది.

"దేవక్కా... ఏమైంది?"

"మల్ల గట్టిగ అడుగుతున్నవ్," అంది దేవక్క. మేడం అనలేదు.

మానస గొంతు తగ్గించింది. "ఎవరు..."

"ఎవరో నీకెరుకలేదా? రాసుకునుంటివి గద కాయిదం మీద." కాయ తొడిమ లాగింది. "సర్కారుకు నా మీద చెప్పినవా అన్నడు మా ఆయన. కేవైసీ అని నువ్వే అంటివి. ఇగ ఓటీపీ ఇయ్య, ఏం జేస్కుంటవో జేస్కో అన్నడు. అనుకుంటనే చెయ్యి ఇరిసిండు."

మానస లింగక్క వైపు చూసింది. ఆమె అటు తిరిగి తాలుకాయ ఏరుతోంది.

"ఆమెనేం సూస్తున్నవ్?" అంది దేవక్క. "కొడుక్కు చెప్పిందీ ఆమెనే, కట్టు కట్టిందీ ఆమెనే."

లింగక్క అటు తిరిగే అంది, "నేను ముప్పై ఏండ్లు పడ్డ. ఎవ్వలకు చెప్పలే. ఇది చెప్పింది. చెప్పింది సరే, చాటింపేసింది నువ్వు."

ఎవరో దగ్గారు. మిర్చి ఘాటుకు కళ్లు మండి మానస చేత్తో తుడుచుకోబోయింది. వేళ్లకు అంటిన మిర్చి కంట్లో పడి ఇంకా మండింది. ఎవరూ నీళ్లివ్వలేదు.

"అరుంధతి అడిగిన్నాడు నా ఇంట్ల ఎవ్వలకు ఎరుక కాలే," అంది దేవక్క. "మిర్చి ముచ్చట పెట్టుకుంట కూసున్నమనే అనుకున్నరు అందరు. నువ్వడిగిన్నాడు ఊరంత ఎరుకైంది." ఆమె చెయ్యి ఆగింది. "ఒకటి చెప్పు. నేను ఆమెకు చెప్పింది తీసేస్తరా?"

"రెండుసార్లు రెండు తీర్ల చెప్తే..." అంది మానస. "తీసేస్తరు."

"ఇరవై ఏండ్లల ఒక్కపారి చెప్పిన. మా అమ్మకు గూడ చెప్పలే. తీసేస్తె ఇగ నేను చెప్పనట్టే గద."

సిగ్గుతో మానస ముఖం భగ్గుమంది. తన గెలుపు, తన తొమ్మిది మిస్‌మ్యాచ్‌లు, ఆష్టి ఉద్యోగం, అన్నీ ఆ కాలి బొటనవేలి కింద నలుగుతున్నట్టు అనిపించింది.

"దవాఖానకు పోదాం, రా. స్కూటీ ఉంది నాకు."

"నీ స్కూటీ ఎక్కి పోతే ఇంట్ల ఏమని చెప్పాలె? నూనె లెక్క చెప్పవోయిన్నని చెప్పాల్నా?" దేవక్క ఇంకో కాయ కాలికింద పెట్టుకుంది. "పో. ఇంకింతసేపు గిక్కడ కూసుంటే ఇంకొకటి అయితది."

దారిలో మానస రెండుచోట్ల బండి ఆపింది. ఒకసారి కళ్లు కడుక్కోవడానికి. రెండోసారి ఎందుకో ఆమెకే తెలీదు. రోడ్డు పక్కన నిలబడి ట్యాబ్ తెరిచి నిన్నటి రికార్డింగు పెట్టింది. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది. పోలీసు స్టేషన్‌లో అడిగినట్టుంది. 'ఏది నిజం మరి?' అంటోంది. తర్వాత లింగక్క. తర్వాత నూనె చెంచాలు. దేవక్క 'రెండు' అన్న తీరు. అంత తొందరగా, అంత బుద్ధిగా చెప్పిన ఆ ఒక్క మాట విని, మొగిలిపేటలో రాని ఏడుపు ఇక్కడ వచ్చింది.

ఆఫీసులో నిలేష్ సిద్ధంగా ఉన్నాడు. "అయింది గద? ఇటియ్యి, పంపేద్దాం."

మానస కూర్చుంది. ట్యాబులో తొమ్మిది ఫారాలూ తెరిచింది. ప్రతి ఫారం అడుగునా మూడు గడులు ఉంటాయి: మ్యాచ్, మిస్‌మ్యాచ్, ఏకాంతం దొరకలేదు. మూడోది నొక్కితే ఆ రీచెక్ చెల్లదు, మొదటి జవాబు అలాగే నిలుస్తుంది. మూడు ఫారాలకు మించి అది నొక్కిన మనిషిని మళ్లీ రీచెక్‌కు పంపరు. మానస మొదటి ఫారంలో మిస్‌మ్యాచ్ మీద టిక్కు తీసేసి మూడో గడి నొక్కింది. రెండో ఫారం తెరిచింది.

"ఏం జేస్తున్నవ్?" నిలేష్ లేచాడు. "అరే, పిచ్చి లేసిందా?"

"వాల్లకు కేవైసీ అని చెప్పిన సార్. పైసలు పోతయని భయపడి అందరు లేదన్నరు. పక్కకు మనుషులున్నరు. దేవక్క అత్త ఎనకనే ఉన్నది."

"అది ఎవలకెరుక?"

"ట్యాబ్‌కు ఎరుక." రికార్డింగు పెట్టింది. నిలేష్ సగం విని ఆపేశాడు.

"వేల క్లిప్పులుంటయి. ఎవడు వింటడు దీన్ని? మిస్‌మ్యాచ్ పెట్టు. ఆష్టి ముచ్చట మర్చిపోయినవా?"

"ఆమె చెయ్యి ఇరిసిండు సార్, నిన్న రాత్రి. నేను అడిగినందుకు."

నిలేష్ అడిగింది దేవక్క చెయ్యి గురించి కాదు. "నేనిచ్చిన కాయిదం ఏడుంది? ఇటియ్యి."

"సర్వేల ఎవలకన్న దెబ్బ తగిలితే రాసే హాని రిపోర్టుతోని పంపుత. నా మీద రిపోర్టు రాస్తున్న. అండ్ల అది గూడ పెట్టాలె గద."

అతని ముఖం మాడిపోయింది. మెల్లగా చెప్పాడు, గట్టిగా చెప్పాడు, ఆమె నాన్న దుకాణం పేరు ఎత్తి కూడా చెప్పాడు. ఇక నీకు ఈ జిల్లాలో ఎక్కడా సర్వే పని దొరకదన్నాడు. మానస నాలుగో ఫారం తెరిచింది, అయిదోది తెరిచింది. భయం లేక కాదు. వేలు ఆగితే మళ్లీ కదలదని తెలిసి ఆపలేదు. నిలేష్ ఫోను తీసుకుని బయటికి జారుకున్నాడు.

తొమ్మిదీ అయ్యేసరికి గుమ్మంలో అరుంధతి నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు.

"మొగిలిపేట ఆశా వర్కర్, ఆశక్క ఫోన్ చేసింది," అంది. "దేవక్క సంగతి."

"నేనే..."

"ఎరుకే."

లోపలికి వచ్చి కూర్చోలేదు. క్షమించమని అడగడానికి మానస నోరు తెరిచింది. అరుంధతి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొద్దు అది. ఇయ్యాల మిర్చి కూలోల్లను కండ్లమంటలకు ఆశక్క దవాఖానకు తెచ్చే దినం. మూడు గంటలకు ఊర్లకెల్లి బండి. నేను బస్సుకు ఊరికి పోయి ఆ బండ్ల దేవక్కను గూడ ఎక్కిస్త. పది మందిల ఒకతె అయితే ఎవ్వలు అడగరు."

"నేను గూడ..."

"నువ్వు ఆ ఊరి మొఖాన పోకు."

మానస తలూపింది. చేస్తున్న పని చూపించాలనిపించింది. మెచ్చుకోవాలని కాదు అనుకుంది గానీ, కొంచెం అదీ ఉంది. ట్యాబ్ అటు తిప్పింది. తొమ్మిది ఫారాల అడుగునా ఏకాంతం దొరకలేదు. ఆ తర్వాత హాని రిపోర్టు. తేదీ, ఊరు, గాయం అన్నీ నింపింది. 'హానికి కారణమైన వ్యక్తి' అన్నచోట జాబితా ఉంది: భర్త, అత్త, ఇతర కుటుంబసభ్యులు, ఇతరులు. సర్వే చేసేవాళ్లు అన్న మాట ఆ జాబితాలో లేదు. మానస 'ఇతరులు' నొక్కి, పక్కన తన పూర్తి పేరు టైపు చేసి పెట్టింది.

అరుంధతి నిలబడే చదివింది. ఒకసారి చదివి, వేలితో పైకి జరిపి మళ్లీ చదివింది.

"నీ పేరు రాసుకున్నవ్. మంచిదే. మరి కొట్టినోడేడి?"

"నా వల్లనే గద అయింది."

"నీ వల్ల తెలిసింది. చెయ్యి ఇరిసింది ఆమె మొగడు ఐలన్న. నువ్వు గిట్ల నీ తప్పు గొప్పగ రాసుకుంట వాన్ని తప్పిస్తున్నవ్." అరుంధతి గొంతు పెరగలేదు. "మొగడు కొట్టిండని ఆమె చెప్పింది. నిన్న నువ్వు లేదని రాసినవ్. ఇయ్యాల మల్ల ఆ మాటనే తీసేస్తున్నవ్. నిన్న నీ నౌకరి కోసం, ఇయ్యాల నీ మనసు చల్లబడేతందుకు."

చెంప మీద కొట్టినట్టయింది మానసకు. తిరిగి ఏదో అనాలని కోపం కూడా వచ్చింది. ఇంత పోగొట్టుకుంటుంటే ఇదా అనే మాట? కానీ స్క్రీన్ మీద చూస్తే అరుంధతి అన్నదే ఉంది. భర్త అన్న గడి ఖాళీగా ఉంది.

"రెండు పెట్టొచ్చా అండ్ల?" అంది మానస.

"ఎన్నయినా పెట్టొచ్చు. చదువుమన్నది చదవాలె, నువ్వే అంటివి గద."

మానస భర్త అన్న గడి మీద వేలు పెట్టింది. టిక్కు పడింది. కింద తన పేరు అలాగే ఉంచింది. నిలేష్ కాగితానికి ఫోటో తీసి జతచేసింది. పైనుంచి కిందిదాకా ఒకసారి చదివి పంపే బొత్తం నొక్కింది. చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది.

అరుంధతి అప్పటికే మెట్లు దిగుతోంది. మానస గుమ్మం దాకా పరిగెత్తింది.

"అరుంధతీ! దేవక్కకు చెప్పు. ఆమె చెప్పింది తీసెయ్యలేదని చెప్పు!"

బస్టాండులో నలుగురు తల తిప్పి చూశారు. మానస చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అరుంధతి వెనక్కి తిరిగి ఆమెను ఒకసారి చూసింది.

"మెల్లగ చెప్త," అని బస్సు ఎక్కింది.